నిపుణుడి సాక్ష్యం ప్రతి కేసుకూ తప్పనిసరి కాదు

రోగాన్ని సకాలంలో గుర్తించకపోవడం వల్లే ప్రాణం పోయిందని కేసు వేస్తే మొదట ఎదురయ్యే ప్రశ్న, వైద్య నిపుణుడి సాక్ష్యం ఉందా అని. తోటి వైద్యుడిపై సాక్ష్యం చెప్పేందుకు ముందుకొచ్చేవారు ఎందరు?

హైదరాబాద్‌ కేసు ఒకటి ఇందుకు నిదర్శనం. 2002 జులైలో చలిజ్వరంతో ప్రైవేటు ఆసుపత్రిలో చేరిన మహిళకు టైఫాయిడ్‌ చికిత్స చేశారు. పరిస్థితి విషమించడంతో మరో ఆసుపత్రికి తరలించగా ఆమె మరణించారు. మరణ ధ్రువపత్రంలో మలేరియా అని నమోదైంది. ఆమె భర్త మలేరియా విభాగంలోనే అధికారి కావడం గమనార్హం. మలేరియాకు చికిత్స చేయలేదని విచారణలో వైద్యుడే అంగీకరించారు. జిల్లా ఫోరం రూ.2 లక్షల పరిహారం ఇప్పించింది. నిపుణుడి సాక్ష్యం లేదంటూ రాష్ట్ర కమిషన్‌ దాన్ని కొట్టివేయగా, జాతీయ కమిషన్‌ సమర్థించింది.

2010 మార్చి 8న సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. పొరపాటు పైకే స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు నిపుణుడి సాక్ష్యం అక్కరలేదని పేర్కొంది. శస్త్రచికిత్సలో మెలకువల వంటి క్లిష్టమైన అంశాలైతే మాత్రం అవసరమేనని స్పష్టం చేసింది. అందువల్ల కేస్‌షీటు, పరీక్షల నివేదికలే బాధితులకు కీలకం. అడిగిన 72 గంటల్లోగా వైద్యులు వాటిని ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.