పిల్లల టెన్షన్‌ను కొలిచేదెలా? సూరత్ తెలుగు పిల్లలను ఏ భాషలో అడగాలి?

సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో మరమగ్గాలను నమ్ముకుని బతికే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎక్కువమంది తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కార్మికులే. వాళ్ల పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, గుజరాతీ. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. ఈ పిల్లల మీద ఒత్తిడి ఎంత ఉందో తెలిసేదెలా?

వాళ్లనే అడగాలి. ఒకే మార్కులు వచ్చిన ఇద్దరిలో ఒకరు ఆటకు పరుగెడితే, మరొకరికి రాత్రి నిద్ర పట్టదు. కష్టం ఎంతన్నది ఒక లెక్క, అది మనసుకు ఎంత బరువుగా తోచిందన్నది మరో లెక్క.

కొలమానం ఏంటి?

ఈ రెండో లెక్క కోసం 1983లో అమెరికా మనస్తత్వవేత్త షెల్డన్ కోహెన్ బృందం 14 ప్రశ్నలతో ‘పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్’ను రూపొందించింది. ఇప్పుడు 10 ప్రశ్నల రూపం ఎక్కువగా వాడుతున్నారు. గత నెల రోజుల్లో పరిస్థితి చేయిదాటిపోయిందని ఎన్నిసార్లు అనిపించింది? ఇలా అడుగుతారు. ఒక్కో జవాబుకు 0 నుంచి 4 పాయింట్లు, మొత్తం 40. నాలుగు ప్రశ్నలు ధీమా గురించి అడుగుతాయి కాబట్టి వాటి పాయింట్లను తిరగేసి లెక్కిస్తారు.

అయితే ఇది పెద్దల కోసం తయారైంది. ‘గత నెల’ను గుర్తుచేసుకుని బేరీజు వేయడం ఎనిమిదేళ్ల పిల్లకు కష్టం. అందుకే 2014లో బార్బరా వైట్ పిల్లల కోసం ప్రత్యేక స్కేల్‌ను ప్రతిపాదించారు.

భాషే అసలు చిక్కు

‘ఒత్తిడి’ పేపర్లలో కనిపించే మాట. పిల్లలు ‘టెన్షన్’ అంటారు, ‘బుగులైతంది’ అంటారు, లేదా కడుపునొప్పి అని ఊరుకుంటారు. ఇంటి మాటలో అడగకపోతే జవాబు ప్రశ్న అర్థమైందో లేదో చెబుతుంది తప్ప, మనసులో ఏముందో చెప్పదు. టీచర్ పక్కనే నిలబడినా ‘అంతా బాగుంది’ అనే రాస్తారు.

2022లో ఎన్‌సీఈఆర్‌టీ 3,79,842 మంది విద్యార్థులతో చేసిన సర్వేలో 81 శాతం మంది తమ ఆందోళనకు చదువు, పరీక్షలు, ఫలితాలే కారణమన్నారు. అడిగితే చెబుతారనడానికి ఇదే సాక్ష్యం.

స్కోరు ఎక్కువ వస్తే జబ్బు ఉన్నట్టు కాదు. ఆ పిల్లతో ఎవరైనా కూర్చుని మాట్లాడాలని అర్థం. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడొచ్చు. మాట్లాడే మనిషిని ముందే సిద్ధం చేసుకోకుండా ప్రశ్నపత్రం పంచితే, అది పిల్లలకు ఇంకో పరీక్షే అవుతుంది.