చేపకు మందేసే ముందు మోటారు చూడండి

ఉప్పునీటి ఆక్వేరియంలో చేప పైకి తేలి గబగబా నోరు ఆడిస్తుంటే చాలామంది మందు కోసం పరిగెడతారు. కాస్త ఆగండి. నీళ్లు తిరుగుతున్నాయా, ఎంత వేడెక్కాయి, ఉప్పు ఎంతుంది? ముందు ఈ మూడూ చూడండి. లోపం యంత్రంలో ఉంటే మందు పోసి చేపను ఇంకా బాధపెట్టడమే అవుతుంది.

మోటార్ల వైండింగ్ నా వృత్తి. హైదరాబాద్‌లో మా హాల్లో ఉన్న క్లౌన్ చేపల తొట్టె నా ప్రాణం. ఈ తొట్టెల్లో వాడే చిన్న పంపులు మామూలు మోటార్లలాంటివి కావు. కాయిల్ చుట్టూ రెజిన్ పోసి మూసేస్తారు కాబట్టి రీవైండింగ్ కుదరదు. తిరిగేదల్లా ఒక అయస్కాంతం, దానికున్న రెక్కలు. దాన్నే ఇంపెల్లర్ అంటారు. 'కాలిపోయింది' అని నా దగ్గరికి తెచ్చిన పంపులకు మీటరు పెట్టి చూస్తే చాలాసార్లు కాయిల్ బాగానే ఉంటుంది. ఇంపెల్లర్ గదిలో సున్నంలా గట్టిపడిన పొర పట్టి ఉంటుంది, లేదా చిన్న నత్త ఇరుక్కుని ఉంటుంది. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి విప్పిన భాగాలను కాసేపు నానబెట్టండి. పాత టూత్‌బ్రష్‌తో తోమి, మంచినీళ్లతో కడిగి బిగించండి. ఇంపెల్లర్ అయస్కాంతం మీది ప్లాస్టిక్ పగిలి, లోపల తుప్పు పట్టి ఉబ్బిందా, దాన్ని మళ్లీ నీళ్లలో పెట్టకండి. కొత్తది వేయాల్సిందే.

విశాఖలో ఉన్న మా మేనల్లుడు ఒకరోజు ఫోన్ చేశాడు. "మావయ్యా, స్కిమ్మర్ పొంగిపోతోంది, కప్పు మార్చేదా?"

"కప్పు సంగతి తర్వాత. తొట్టెలో చెయ్యి పెట్టే ముందు సబ్బుతో కడిగావేంట్రా?"

కడిగాడట. స్కిమ్మర్ సన్నటి బుడగలకు మురికిని పట్టించి పైకి తోస్తుంది. సబ్బో మందో చుక్క పడినా నురగ హద్దు దాటుతుంది. నురగే రాకపోతే గాలి గొట్టం మూతి చూడాలి. అక్కడ ఉప్పు పేరుకుని బెజ్జం మూసుకుపోతుంది. గోరువెచ్చని మంచినీళ్లు పోస్తే కరిగిపోతుంది. ఇంత చిన్న పనికి కొత్త స్కిమ్మర్ కొన్నవాళ్లున్నారంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఎండాకాలం సంగతి వేరు. నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. వేడెక్కేకొద్దీ నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి లేచి చల్లబడుతుంది. హైదరాబాద్ పొడి ఎండకు ఇది బాగా పనిచేస్తుంది. విశాఖ ఉక్కపోతలో అంత ఫలితం ఉండదు, అక్కడ చిల్లర్ అవసరం పడొచ్చు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అందుకని తగ్గినంత మేరా ఆర్‌ఓ నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. స్పెసిఫిక్ గ్రావిటీ 1.025 దగ్గర ఉందో లేదో రిఫ్రాక్టోమీటరుతో చూసుకోండి.

కరెంటు పోయినప్పుడు తొట్టె కింద ఉండే సంప్ పొంగి హాలు తడిసే ఇళ్లున్నాయి. పంపు ఆగగానే పై తొట్టె నీళ్లు రిటర్న్ గొట్టంలోంచి వెనక్కి దిగుతాయి. గొట్టం మూతి దగ్గర, నీటి మట్టానికి కొంచెం కింద చిన్న బెజ్జం ఉంటే అక్కడిదాకా దిగగానే గాలి చొరబడి ధార తెగుతుంది. ఆ బెజ్జం మూసుకుపోకుండా చూసుకోండి. మీరు ఇంట్లో ఉన్నప్పుడే స్విచ్ ఆపి, దిగిన నీళ్లన్నీ సంప్‌లో పడుతున్నాయో లేదో పరీక్షించండి. ఇన్వర్టర్ ఉంటే నీళ్లు తిప్పే పంపును దానికి కలపండి, హీటరును కాదు. ముందు ముంచుకొచ్చేది ప్రాణవాయువు కొరతే.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. నీళ్లలో వేలు పెడితే జివ్వుమందా? ఇంకోసారి ముట్టుకోకండి. మెయిన్ ఆపి ప్లగ్గులన్నీ పీకేయండి. తొట్టె లైనుకు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి, ఎర్తింగూ ఉండాలి. అది పెట్టించాక ఒక్కో పరికరమే కలుపుతూ రండి. ఏది కలిపినప్పుడు ట్రిప్ అవుతుందో అదే దొంగ. పగిలిన హీటరు గాజుగొట్టం, చిట్లిన వైరు, ఈ రెంటినీ ముందు అనుమానించండి. తొట్టెలోంచి వచ్చే ప్రతి వైరూ సాకెట్ కన్నా కిందికి వేలాడి, మళ్లీ పైకెక్కి ప్లగ్గును చేరాలి. అప్పుడు వైరు వెంబడి జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే నేలకు రాలుతుంది, సాకెట్‌లోకి పోదు.