క్లోమ క్యాన్సర్లన్నీ ఒకటి కావు

పలాస: క్లోమ గ్రంథికి క్యాన్సరనగానే ఆశ వదులుకోవడం పరిపాటి. అయితే ఆ గ్రంథిలో హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే ‘న్యూరోఎండోక్రైన్’ కణితి వేరు. అరుదైన ఈ రకం చాలామందిలో నెమ్మదిగా పెరుగుతుంది. ఆపిల్ సంస్థ సహవ్యవస్థాపకుడు స్టీవ్ జాబ్స్‌కు 2003లో బయటపడింది ఇదే. శస్త్రచికిత్సను సుమారు 9 నెలలు వాయిదా వేసిన ఆయన 2011లో మరణించారు.

కొన్ని కణితులు ఇన్సులిన్‌ను అధికంగా వదులుతాయి. అప్పుడు పరగడుపున చెమటలు పట్టి, మాట తడబడి, స్పృహ తప్పవచ్చు. తీపి తినగానే తేరుకుంటారు. దీనిని మూర్ఛగా పొరబడటమూ కద్దు. ఆ సమయంలోనే రక్తంలో చక్కెర, ఇన్సులిన్ పరీక్షించాలి.

ఉద్దానంలో మరో చిక్కుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికీ చక్కెర పడిపోవచ్చు. రెంటినీ వేరుచేయడం వైద్యుని పని. పైగా సీటీ స్కాన్‌కు నరంలోకి ఎక్కించే మందు అట్టి మూత్రపిండాలకు భారం కావచ్చు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతాల రోగులు క్రియాటినిన్ నివేదికను ముందే చూపాలి. అలాగని స్కాన్ మానరాదు.

కణితి ఒకేచోట ఉంటే శస్త్రచికిత్సతో నయం కావచ్చు. పాకితే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్లు, లుటీషియం-177 చికిత్స ఉన్నాయి; రెండోదానికీ మూత్రపిండాల స్థితి చూడవలసిందే. జిల్లావాసులకు దగ్గరలోని ప్రభుత్వరంగ క్యాన్సర్ కేంద్రాల్లో విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రి ఒకటి.