తుపానొస్తే తాతయ్య ఫోన్ వచ్చేది

2023 డిసెంబరు 5. మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు. నేను హైదరాబాద్‌లో ఆఫీసు మీటింగులో ఉన్నా. తాతయ్య ఫోన్ చేశారు. కట్ చేశా. మళ్లీ చేశారు, మళ్లీ కట్ చేశా. ఏం అడుగుతారో నాకు తెలుసు. "అమ్మడూ, మంచినీళ్లు పట్టి పెట్టుకున్నావా? ఫోన్ చార్జింగు ఉందా? బయటికి వెళ్లకు." సముద్రానికి ఇంత దూరంలో ఉన్నదానికి ఈ జాగ్రత్తలేంటని ఫ్రెండ్స్‌తో చెప్పి నవ్వుకునేదాన్ని.

మరుసటి ఏడాది, 88 ఏళ్ల వయసులో తాతయ్య వెళ్లిపోయారు.

మాది దివిసీమలో నాగాయలంక దగ్గర చిన్న పల్లె. తాతయ్యకి మూడెకరాల పొలం, అదీ కాలవ శివార్లో. వంతు నీళ్ల కోసం అర్ధరాత్రి పార భుజాన వేసుకుని వెళ్లేవారు. తెల్లారితే పొలం ఒక పని, ఊరు వంద పనులు. ఎవరి పెన్షను కాగితాలో పట్టుకుని మండలాఫీసుకి వెళ్లాలి. గట్టు తగాదా తీర్చాలి. ఎవరింట్లో పెళ్లయినా పందిరి గుంజలు పాతే దగ్గర నుంచి ఆఖరి బంతిలో విస్తళ్లు ఎత్తేదాకా ఆయన ఉండాల్సిందే. "మీ తాత ఊరికి పెద్దమనిషి, ఇంటికి చుట్టం" అనేది నానమ్మ. ఆ మాట వింటే మేమంతా పడీ పడీ నవ్వేవాళ్లం. నాన్న మాత్రం నవ్వేవాడు కాదు.

2013 నవంబరులో హెలెన్ తుపాను మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను స్కూల్లో ఉన్నా. 77 ఏళ్ల మనిషి, వానలో గొడుగు తిరగబడుతున్నా సైకిల్ నడిపించుకుంటూ ప్రతి గడపకీ వెళ్లి "లేవండి, బడికి పదండి" అని కేకలేశారు. రామని ఓ ముసలమ్మ మీద కోప్పడ్డారు. చివరికి ఆవిడ మేకనీ ఆయనే తోలుకొచ్చారు. నాకు సిగ్గేసింది. ఎందుకంత హడావుడి అనుకున్నా.

ఎందుకో పెదకర్మ రోజు రాత్రి నాన్న చెప్పాడు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. అధికారిక లెక్కల్లోనే 10 వేల మంది దాకా పోయారు. గాలి ముదురుతుంటే తాతయ్య పిల్లల్ని ఇంట్లో అటక మీద కూర్చోబెట్టి, పాకల్లో ఉన్నవాళ్లని గుళ్లోకి చేర్చడానికి వెళ్లారట. ఈలోగా నీళ్లొచ్చాయి. గోడ కూలింది. నానమ్మ ఒక చేత్తో దూలం, ఒక చేత్తో ఎనిమిదేళ్ల నాన్నని పట్టుకుంది. నాలుగేళ్ల అత్త చెయ్యి జారిపోయింది. తాతయ్య గుళ్లోకి చేర్చినవాళ్లంతా బతికారు.

అత్త పేరు తాతయ్య నోట మేమెప్పుడూ వినలేదు. ఇంట్లో ఆ చిట్టి ఫొటో కూడా లేదు.

"వాళ్లని వదిలేసి మా దగ్గరుంటే చెల్లి ఉండేదేమో అని చాలా ఏళ్లు మనసులో పెట్టుకున్నా. ఒక్కసారీ అడగలేదు, ఆయనా చెప్పలేదు" అన్నాడు నాన్న. పెదకర్మ భోజనాలకి వచ్చినవాళ్లలో ఆ గుళ్లో బతికినవాళ్లున్నారు, వాళ్ల మనవలున్నారు. వాళ్లే అడక్కుండా విస్తళ్లు వేశారు, ఎత్తారు. నాన్న చాలాసేపు వాళ్లనే చూస్తూ నిలబడ్డాడు.

ఉప్పెన తర్వాత ఉప్పు తేలిన పొలంలోనే తాతయ్య కాలవ నీళ్లు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి నేలని దారికి తెచ్చుకున్నారు. ఊరొదిలి వెళ్లలేదు. మనుషుల్ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారంతే. నాకొచ్చే ఆ ఫోన్లూ అదే పట్టు. నేను కట్ చేసింది దాన్ని.

2025 అక్టోబరు 28న మొంథా తుపాను వచ్చింది. ఫోన్‌లో అలర్టు చూడగానే ఊరికి కాల్ చేశా. నాన్న ఎత్తలేదు. నాలుగోసారికి అమ్మ ఎత్తింది.

"నాన్నేడమ్మా?"

"ఎక్కడుంటాడే! తాతయ్య టార్చిలైటు పట్టుకుని పాకల వైపు పోయాడు. పొద్దుటి నుంచి ఇంటి పట్టున ఉంటే ఒట్టు!"

నానమ్మ గొంతులో ఉండే విసుగే అమ్మ గొంతులోనూ వినిపించింది. జాగ్రత్తగా ఉండమని చెప్పా. మంచినీళ్లు పట్టి పెట్టుకోమన్నా. ఫోన్ చార్జింగు ఉందా అని అడిగా.