ఎముకలు ఏరిన మిషనరీ

“మన బండల్లో డైనోసార్ ఎముకలు ఉంటాయా టీచరుగారూ?” అద్దాల మేడల మధ్య ఇంకా మిగిలిన రాయదుర్గం బండలను చూపిస్తూ సండేస్కూలు పిల్లవాడొకడు అడిగాడు. ఉండవు. ఇది భూగర్భంలో కరిగి, చల్లారి గట్టిపడిన గ్రానైటు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఎముక శిలాజం కావాలంటే ఇసుకలోనో బురదలోనో పూడిపోవాలి. అందుకు మన రాష్ట్రంలో ప్రాణహిత, గోదావరి లోయకు వెళ్లాలి.

ఆ లోయ ఎముకల కథలో ఒక దైవజనుడున్నాడని మనలో చాలామందికి తెలియదు. స్టీఫెన్ హిస్లాప్ స్కాట్లాండువాడు. 1845లో నాగపూరు వచ్చి సువార్త ప్రకటించాడు, బడి నడిపాడు, గోండుల మాటలు, పాటలు రాసిపెట్టాడు. తోటి మిషనరీ హంటర్‌తో కలిసి రాళ్లూ ఏరాడు. నాగపూరుకు దక్షిణాన మంగలి గ్రామంలో వారికి దొరికిన ఒక పుర్రెకు 1855లో రిచర్డ్ ఓవెన్ బ్రాకియోప్స్ అని పేరు పెట్టాడు. అది కప్పలకు దూరపు చుట్టం. ‘డైనోసార్’ అనే మాటను పుట్టించింది కూడా ఈ ఓవెనే. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా మాలేరిలో దొరికిన ఊపిరితిత్తుల చేప పళ్లకు 1859లో ఓల్డ్‌హామ్ దొర సెరటోడస్ హిస్లోపియానస్ అని పేరు పెట్టాడు. హిస్లాప్ పేరు అలా మన మట్టిలోని చేపకు నిలిచింది. 1863 సెప్టెంబరులో పురాతన సమాధుల రాతి వలయాలను చూసి గుర్రంపై తిరిగి వస్తూ, పొంగిన వాగులో కొట్టుకుపోయి ప్రభువునందు నిద్రించాడు.

తరువాత 1933లో ఫాన్ హ్యూన, మాట్లీ అనే ఇద్దరు జబల్పూరు డైనోసార్లను వర్ణించి పేర్లు పెట్టారు. మన లోయలోని పెద్ద జంతువులు మాత్రం ఇంకా మట్టిలోనే ఉన్నాయి. 1961 ప్రాంతంలో కలకత్తా గణాంకశాస్త్ర సంస్థవారు పోచంపల్లి గ్రామం దగ్గర (చీరల పోచంపల్లి కాదు) సుమారు 300 ఎముకలు తవ్వితీశారు. అది టాగూరు శతజయంతి సంవత్సరం. 1975లో పెట్టిన పేరు బరపాసారస్ టాగోరై, అంటే పెద్దకాలి బల్లి. ఆ తర్వాత యామన్‌పల్లిలో కనీసం పన్నెండు జంతువులకు చెందిన 840 ఎముకలు దొరికాయి. 1988లో యాదగిరిగారు దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మన పల్లె పేరు ప్రపంచ గ్రంథాలకెక్కింది!

ఆ అస్థిపంజరం బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబడి ఉంది. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే అసెంబ్లీ స్టేషన్ నుంచి దగ్గరే. పిల్లలను తీసుకువెళ్దామంటే ఒక తండ్రి ఒప్పుకోలేదు. “కోట్ల ఏళ్లంటారు, వాడి విశ్వాసం ఏం కావాలి?” అన్నాడు. ఆ భయాన్ని నేను తేలికగా తీసిపారేయను. పిల్లవాడి ఆత్మ గురించి దిగులుపడే తండ్రి ఉండటం మంచిదే. కానీ వాడు ఆ కోట్ల లెక్కను రేపు బడిలో ఎలాగూ వింటాడు. అక్కడ ఒంటరిగా వినేకంటే మన ప్రక్కన నిలబడి వినడం మేలు కాదా? యోబు గ్రంథంలోని నీటిగుఱ్ఱం డైనోసారేనని కొందరు బోధకులు చెబుతారు. నాకైతే అలా లాగడం వాక్యానికీ ఎముకకూ న్యాయం కాదనిపిస్తుంది. హిస్లాప్ గురించి ఆయనకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

ఇంకా ఒప్పుకోలేదు. వాడు మాత్రం ప్రతి ఆదివారం అడుగుతూనే ఉన్నాడు: కోటసారస్ పళ్లు రెండు దొరికాయన్నారే, మరి తల ఎక్కడుంది టీచరుగారూ?