సైరంధ్రీవనంలో కుంతీనది

అజ్ఞాతవాసకాలంలో ద్రౌపది ధరించిన పేరు సైరంధ్రి. కేరళ రాష్ట్రంలోని పాలక్కాడు జిల్లాలో ఒక అరణ్యం నేటికీ ఆ పేరుతోనే పిలువబడుతున్నది. అందులో ప్రవహించే నది పేరు కుంతి. ఆంగ్లేయుల కాలం నుండి ఈ ప్రాంతానికి ‘సైలెంట్ వ్యాలీ’ అనే పేరు స్థిరపడింది.

కుంతి నీలగిరుల ఎత్తైన శిఖరాల చెంత జన్మిస్తుంది. ఉత్తరం నుండి దక్షిణానికి పీఠభూమి పొడవునా ప్రవహించి, ఇరుకైన కొండల సందు ద్వారా మైదానానికి దిగుతుంది. అటుపిమ్మట తూతప్పుళలోను, దాని ద్వారా భారతప్పుళలోను కలుస్తుంది. ఆ జలాలు పొన్నాని వద్ద అరేబియా సముద్రాన్ని చేరుతాయి.

సముద్రం మీదుగా వచ్చే నైరుతి పవనాలు పడమటి కనుమలను తాకి పైకి లేస్తాయి. ఎత్తుకు పోయినకొద్దీ గాలి చల్లబడి, అందలి తేమ వర్షంగా మారుతుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు ఇక్కడ కుండపోత వానలు కురుస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు మరికొంత వర్షాన్నిస్తాయి. ఆపై కొన్ని నెలలు వానలు అరుదు. అయినా కుంతి ప్రవహిస్తూనే ఉంటుంది.

ఇందుకు కారణం అరణ్యమే. అంతస్తులుగా పెరిగిన చెట్ల కొమ్మలు వానధాటిని తగ్గిస్తాయి. రాలిన ఆకుల పొర, వేళ్లు అల్లుకున్న నేల నీటిని ఇంకించుకొని, ఊటలుగా మెల్లమెల్లగా నదికి అందిస్తాయి. చెట్లు నరికితే వాననీరు మట్టితోసహా కొట్టుకొనిపోతుంది. వరద పెరుగుతుంది, వేసవి ప్రవాహం తగ్గుతుంది.

నది దిగే ఇరుకు సందు ఆనకట్టకు అనువైన స్థలం. 1973లో ఇక్కడ జలవిద్యుత్ పథకానికి ప్రణాళికా సంఘం ఆమోదం లభించింది. మలబారు ప్రాంతానికి విద్యుత్తు అవసరమన్న వాదన నిరాధారం కాదు. కాని జలాశయంలో మునిగేది నదీతీరపు అడవి; సింహపుతోక వంటి తోకగల సింగళీకాలకు అది నివాసం. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు, కవయిత్రి సుగతకుమారి, పక్షిశాస్త్రవేత్త సలీం అలీ మొదలైనవారు పథకాన్ని వ్యతిరేకించారు. ఎం.జి.కె. మీనన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఈ విషయాన్ని పరిశీలించింది. 1983లో పథకం విరమించబడింది. 1984 నవంబరులో ఈ అరణ్యం జాతీయ వనంగా ప్రకటించబడింది.

వాన నదిని నింపుతుంది. దానిని ఏడాది పొడవునా నిలిపేది అరణ్యం. కుంతిని కాపాడడమంటే ఆ అరణ్యాన్ని కాపాడడమే.