జంట అడుగులు - ఒక మాట

దసరా సెలవులకు బెంగుళూరు నుంచి మనుమడు, మనుమరాలు హోసూరులోని మా ఇంటికి వచ్చారు. వచ్చిన సాయంత్రమే సెల్‌ఫోనును గోడకు ఆనించి, ఒకరి భుజంమీద ఒకరు చేయివేసుకొని గంతులు మొదలుపెట్టారు. అది "నాటు నాటు" పాటేనని వేరే చెప్పనక్కరలేదు గదా! ఒక్క కాలు తేడాపడితే చాలు, మళ్ళీ మొదటినుంచి. ఏడెనిమిది సార్లయిన తరువాత పిల్ల ఆయాసపడుతూ నా పక్కన కూలబడి, "తాతా, నాటు అంటే ఏమి?" అన్నది.

నాకు నవ్వు వచ్చింది. వెంటనే మనసు చివుక్కుమన్నది కూడా.

ఇట్లా జంటగా ఆడి లోకానికి చూపే వేడుక ఇప్పటిది కాదు. 2020లో అందరమూ ఇళ్ళలో కూర్చున్న రోజులలో ఆస్ట్రేలియా క్రికెట్ ఆటగాడు డేవిడ్ వార్నర్ భార్యతో కలసి "బుట్టబొమ్మ" పాటకు ఆడి టిక్‌టాక్‌లో పెట్టాడు. ఆ జూన్‌లో టిక్‌టాక్‌ను మన ప్రభుత్వం నిషేధించినది. జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్సు వచ్చినవి. వేదిక మారినదే కాని వేడుక ఆగలేదు.

ఇక ఈ నాటు పాట సంగతి. చంద్రబోసు వ్రాసి, కీరవాణి స్వరపరచగా, ప్రేమ్ రక్షిత్ అడుగులు కూర్చారు. 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, ఒక రాజభవనం ముందు చిత్రీకరించారు. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని దక్షిణ కొరియా రాయబార కార్యాలయం వారు కూడా ఆడి చూపారు. మార్చిలో ఆస్కారు వచ్చినది. భారతీయ చిత్రంలోని పాటకు ఆ బహుమానం రావడం అదే మొదలు.

ఇద్దరిలో ఎవరు ముందుపడినా, ఎవరు వెనుకబడినా ఈ ఆట చెడుతుంది. మన ఆడపిల్లల ఒప్పులకుప్ప కూడా అంతే గదా! చేతులు అడ్డంగా పట్టుకొని, వెనక్కు వాలి గిర్రున తిరిగేటప్పుడు ఒకరి బరువే మరొకరిని నిలబెడుతుంది.

పిల్ల ప్రశ్నకు జవాబుగా, "నాటుకోడి తెలుసునా?" అన్నాను. "ఓ! నాటికోళి" అన్నది, బెంగుళూరు కన్నడంలో. ఇక్కడి తమిళులు నాట్టుకోళి అంటారని చెప్పాను. ఈ పాటే తమిళంలో "నాట్టు కూత్తు", కన్నడంలో "హళ్ళి నాటు" అయినది. మన ఊరిది, మన నేలది, మోటుదైనా మనది - అదీ నాటు. వరినారు నాటడమూ ఆ మాటతోనే చెబుతామన్నాను. మనుమడు కూడా ఫోను వదలి వచ్చి కూర్చున్నాడు.

మరునాడు మా ఆవిడ, "మాకూ జంట ఆట ఉండేది, రావే!" అని మనుమరాలి చేతులు పట్టుకొని ఒప్పులకుప్ప తిరిగినది. రెండు చుట్లకే అవ్వకు కళ్ళు తిరిగినవి. పిల్ల మాత్రం చేతులు వదలలేదు.

తరతరాలుగా పరరాష్ట్రాలలో స్థిరపడిన మన ఇళ్ళలో తెలుగు చదవలేని పిల్లలు ఎందరో ఉన్నారు. వారి గంతులు చూసి విసుక్కోవద్దని నా మనవి. అడుగు వారు ఎక్కడినుంచో నేర్చుకున్నారు. మాట నేర్పవలసినవారము మనమే. ఈసారి పిల్లలు ఏ తెలుగు పాటకు ఆడినా, అయిపోగానే దగ్గరకు పిలిచి, అందులో ఒక్క మాటకు అర్థం చెప్పండి. ఒక్కటి చాలు, రేపు రెండవది వారే అడుగుతారు.